అభయారణ్యంలో ‘అ’

మధురానగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే మా మనవరాలు ఎదురుగా ఉన్న హోర్డింగు చూసి ఆగిపోయింది. ఎవరో బిల్డరు తాను కట్టబోయే విల్లాలకి ‘శాంక్చురీ’ అని పేరు పెట్టుకున్నాడు.

“తాతయ్యా, శాంక్చురీ అంటే జంతువులుండే చోటు కదా, అందులో మనుషులెలా ఉంటారు?” అంది. దానిది నాలుగో తరగతి.

“ఈఎంఐ కట్టగలిగితే ఉండొచ్చమ్మా” అన్నాను. దానికి అర్థం కాలేదు. వెనకాల వస్తున్న వాళ్ల నాన్నకి మాత్రం బాగా అర్థమైంది.

ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చెప్పాను. లాటిన్‌లో ‘శాంక్టస్’ అంటే పవిత్రం. దాన్నుంచి పుట్టిన మాట శాంక్చురీ. మొదట్లో దేవుడి చోటు అనే అర్థమే, మన లెక్కలో గర్భగుడి. తర్వాత్తర్వాత గుళ్లోకి పరిగెత్తి దూరినవాణ్ణి తరుముకొచ్చినవాళ్లు ముట్టుకోకూడదనే ఆచారం వచ్చింది. ఇంగ్లండులో డర్హమ్ అనే ఊరి పెద్ద చర్చి తలుపుకి సింహం మొహంలాంటి కంచు కడియం ఉంటుంది. పాతకాలంలో దాన్ని పట్టుకుని తలుపు తట్టినవాడికి 37 రోజులు తిండీ నీడా దొరికేవి. ఆలోపు గొడవ తేల్చుకోవాలి, లేదంటే దేశం వదిలి పోవాలి. అలా ‘పవిత్రమైన చోటు’ కాస్తా ‘ప్రాణం కాపాడే చోటు’ అయింది. మనుషుల తర్వాత వంతు పిట్టలకీ జంతువులకీ వచ్చింది.

మనవాళ్లు మాత్రం పవిత్రత జోలికి పోకుండా అభయారణ్యం అన్నారు. భయం లేని అడవి అని. నన్నడిగితే ఇంగ్లీషు మాటకన్నా మన మాటలోనే సైన్సు ఎక్కువుంది.

“పులి ఉన్న అడవిలో జింకకి భయం లేకపోవడమేంటి?” అని లాజిక్ తీసింది పిల్ల. న్యాయమైన ప్రశ్నే. పులి భయం పోదు, పోకూడదు కూడా. ఇక్కడ అభయం ఇచ్చేది మనిషి: ‘నా వల్ల నీకు ప్రమాదం లేదు’ అని.

భయం ముందు చేరి దాన్ని లేకుండా చేసే ఆ ‘అ’ అక్షరం విలువెంతో లెక్క కట్టినవాళ్లున్నారు. కెనడాలో లియానా జానెట్ అనే శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్లు చిన్న చిన్న దీవుల మీద ఉండే ఒక రకం పిచ్చుకల్ని ఎంచుకున్నారు. ప్రతి గూటి చుట్టూ కరెంటు కంచె, పైన వల కట్టారు. నిజం శత్రువు ఒక్కటీ గూటి దగ్గరికి రాలేదు. తర్వాత కొన్నిచోట్ల స్పీకర్లు పెట్టి కాకులు, డేగలు లాంటి వేటగాళ్ల అరుపులు వినిపించారు. మిగతాచోట్ల ఏ హానీ చెయ్యని ప్రాణుల చప్పుళ్లు వినిపించారు. గుడ్లు పెట్టే కాలమంతా ఇదే పని. చివరికి చూస్తే, అరుపులు విన్న పిచ్చుకలకి పిల్లలు 40 శాతం తగ్గాయి. తల్లి తక్కువ గుడ్లు పెట్టింది, సరిగ్గా పొదగలేదు, పిల్లల నోట్లో మేత పెట్టడానికి కూడా జంకింది. ఒక్క పిట్టనీ ఎవరూ తినలేదు, వట్టి భయమే ఆ పని చేసింది. ఈ ఫలితం 2011లో అచ్చయింది.

ఇది విని మా ఆవిడ వంటింట్లోంచి, “పరీక్షలప్పుడు మీరు పిల్లల మీద అరిచేవాళ్లే, దానిమీద కూడా ఒక పరిశోధన చేయించాల్సింది” అంది. ఆ సంగతి అలా ఉంచుదాం.

మనిషి నిజంగా అభయమిస్తే ఎలా ఉంటుందో మన దగ్గరే చూడొచ్చు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం అని ఒక పల్లె ఉంది. ఏటా వానాకాలం చివర్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద చేపల కంపు, రెట్టలు. అయినా ఊరివాళ్లు కసురుకోరు, అవి వస్తేనే ఊరికి మంచిదంటారు. వాటిని సైబీరియా పక్షులంటారుగానీ అది పొరపాటు. ఈ రెండూ మన దేశంలోనే పుట్టి పెరిగే పిట్టలు, సైబీరియా మొహం చూసినవి కావు.

నెల్లూరు వైపు సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ గూడబాతులు చెరువు నీళ్లలో నిలబడి పెరిగే చెట్ల మీద పిల్లల్ని చేస్తాయి. మేత కోసం పులికాట్ సరస్సుకి పోయి చేపలు తిని వస్తాయి, రెట్ట మాత్రం చెరువులో వేస్తాయి. అందులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. సూక్ష్మజీవులు ఆ రెట్టని కుళ్లబెట్టి మొక్క పీల్చుకునే రూపంలోకి మారుస్తాయి. ఆ నీళ్లు పొలంలోకి పారితే ఎరువు మోత కూలి లేకుండా వచ్చినట్టే. సరస్సులో ఉన్న సారాన్ని పిట్టలు రెక్కల మీద మోసుకొచ్చి రైతుకి అప్పగిస్తున్నాయన్నమాట.

ప్రతిచోటా లెక్క ఇంత తీపిగా కుదరదు. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పిట్టకి ఇచ్చిన అభయం అక్కడ చాలా ఇళ్లలో భయమై కూర్చుంది. రెండు పక్షాల బాధా నిజమే.

ఆదివారం పొద్దున్నే పిల్లని కేబీఆర్ పార్కుకి తీసుకెళ్లాను. ఫిల్మ్‌నగర్ వైపు పోయేవాళ్లకి అది కారు అద్దంలోంచి కనిపించే పచ్చటి గోడ. లోపల నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్, చుట్టూ 350 ఎకరాలకు పైగా రాళ్లూ చెట్లూ. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నేను అభయారణ్యం అంటుంటే, బోర్డు చదివి “నేషనల్ పార్క్ అని రాశారు తాతయ్యా” అని తప్పు పట్టింది. నిజమే. 1998లో ప్రకటించింది జాతీయ ఉద్యానవనంగానే. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ రెండూ వేరు. అభయారణ్యంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పాత హక్కులు కొన్ని, పశువుల మేత లాంటివి, అనుమతితో సాగొచ్చు. జాతీయ ఉద్యానవనంలో పశువుల్ని తోలడానికే వీల్లేదు.

దారి పక్కన ఒక ఆడ నెమలి మేస్తోంది. పిల్లని మెల్లగా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవమన్నాను. పదకొండు అడుగుల దాకా తల ఎత్తలేదు. పన్నెండో అడుక్కి ఎత్తింది, పదమూడుకి పొదలోకి నడిచింది, పరిగెత్తలేదు. ఎంత దగ్గరికొస్తే పిట్ట పారిపోతుందో ఆ దూరాన్ని శాస్త్రవేత్తలు ఇలాగే కొలుస్తారు. వేటాడేచోట అది పెరుగుతుంది, మనుషులు జోలికి పోనిచోట తగ్గుతుంది. అభయాన్ని కొలిచే టేపు అదే.

అంతలో ఒక పెద్దమనిషి ఫోన్లో సినిమా పాట గట్టిగా పెట్టుకుని మమ్మల్ని దాటి వెళ్లాడు. పొద కదిలింది, నెమలి మళ్లీ బయటికి రాలేదు.

రేపు పొద్దున వాకింగుకి వెళ్లేవాళ్లు పాట వినండి, ఎవరొద్దన్నారు. కాస్త ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి బాబూ.