ఊళ్లో అమ్మకో నాన్నకో క్యాన్సర్ అని తేలితే.. భద్రాచలం, ఖమ్మం వైపు కుటుంబాలు ముందు చూసుకోవాల్సినవి ఇవీ

అమ్మానాన్నలు చర్లలోనో, దుమ్ముగూడెంలోనో. పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఇలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. క్యాన్సర్ అన్న మాట వినగానే ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: "ఏ ఆసుపత్రికి తీసుకెళ్దాం?"

దానికంటే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. జబ్బు ఎంతవరకు వచ్చింది? పేషెంట్ కార్డు ఏ రాష్ట్రానిది? చికిత్స ఎన్ని వారాలు, తోడు ఎవరు ఉంటారు? ఇవి తేలకుండా పొలం బేరం పెట్టొద్దు, వడ్డీకి డబ్బు తేవొద్దు.

డాక్టర్‌ను ఏం అడగాలి?

స్కాన్‌లో అనుమానం అని రాసినంత మాత్రాన క్యాన్సర్ ఖాయమైనట్టు కాదు. గడ్డ ఉంటే చాలావరకు బయాప్సీతోనే నిర్ధారణ చేస్తారు. ఆ తర్వాత ఏ స్టేజీలో ఉందో తెలుసుకోవడానికి మరికొన్ని పరీక్షలు ఉంటాయి.

స్టేజీ తెలిశాక డాక్టర్‌ను సూటిగా అడగండి: "ఈ చికిత్స జబ్బు పూర్తిగా నయం చేయడానికా, కొంతకాలం అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా?" ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత దూరం వెళ్లాలి అన్నవి ఈ జవాబును బట్టే ఉంటాయి.

బయాప్సీ చేసిన చోట రిపోర్టుతో పాటు స్లైడ్లు, బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టర్ వాటినే మళ్లీ పరీక్షించగలరు. చాలాసార్లు ఇంకోసారి బయాప్సీ చేయాల్సిన అవసరం తప్పుతుంది. రెండో అభిప్రాయానికి ఎన్ని రోజులు ఆగొచ్చో కూడా మొదటి డాక్టర్‌నే అడగండి.

కార్డు ఏ రాష్ట్రానిది?

భద్రాచలం చుట్టుపక్కల ఈ ప్రశ్న చాలా ముఖ్యం. 2014లో పోలవరం ముంపు ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. పక్కనే ఉన్న ఎటపాకతో పాటు చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఏపీలోకి వెళ్లాయి. అందరూ చూపించుకునేది భద్రాచలంలోనే అయినా పథకాలు మాత్రం వేరు.

తెలంగాణ వాళ్లకు రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ 9 నుంచి దీని పరిమితి ఏడాదికి కుటుంబానికి రూ.10 లక్షలు. క్యాన్సర్ సర్జరీ, కీమో, రేడియేషన్ ఇందులోకి వస్తాయి. ఏపీ వాళ్లకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. సరిహద్దు దాటి వచ్చే ఛత్తీస్‌గఢ్ వాళ్ల దగ్గర ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో వేరే రాష్ట్రంలో కూడా పనిచేస్తుంది. సింగరేణి ఉద్యోగుల కుటుంబాలు ముందు సంస్థ ఆసుపత్రిలో రిఫరల్ గురించి అడగాలి.

ఇవి క్యాష్‌లెస్ పథకాలు. ముందు జేబులోంచి కట్టేసి, తర్వాత బిల్లులు పెట్టి తీసుకుందాం అనుకోవద్దు. అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. అడగాల్సింది "ఆరోగ్యశ్రీ ఉందా?" అని కాదు. "మాకు రాసిన ఈ చికిత్స ఇక్కడ ఆరోగ్యశ్రీలో చేస్తారా? ఏ పరీక్షలకు, మందులకు మేం కట్టాలి?" అని అడగండి. రెండు రాష్ట్రాల్లోనూ హెల్ప్‌లైన్ నంబర్ 104.

ఎక్కడికి వెళ్లొచ్చు?

తెలంగాణలో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. పంజాగుట్ట నిమ్స్‌లో కూడా క్యాన్సర్ విభాగాలు ఉన్నాయి. ఏపీ కార్డు ఉన్నవాళ్లకు గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్, విశాఖలో టాటా మెమోరియల్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. కాబట్టి పెద్దాసుపత్రిలో చికిత్స మొదలైనా, "తర్వాతి కీమోలు మా జిల్లాలోనే తీసుకోవచ్చా?" అని అడిగి చూడండి.

ఎన్ని వారాలు పడుతుంది?

కీమో చాలావరకు రెండు మూడు వారాలకోసారి ఉంటుంది. వెళ్లి రావొచ్చు. రేడియేషన్ అలా కాదు. నయం చేయడానికి ఇచ్చేదైతే చాలా క్యాన్సర్లలో వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు నుంచి ఏడు వారాలు ఉంటుంది. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. రోజూ తిరగడం కుదరదు, అక్కడే ఉండాలి.

మిర్చి కోతలు వచ్చాయనో, పండగ అనో మధ్యలో ఆపితే చికిత్స ఫలితం తగ్గుతుంది. ఉదాహరణకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ మొత్తం ఎనిమిది వారాల లోపు పూర్తవ్వాలని డాక్టర్లు చెబుతారు. అందుకే ఏ వారం ఎవరు ఉంటారో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందే కూర్చుని రాసుకోండి. అద్దె, తిండి, కూలి పోయే రోజులు.. ఇవి పథకంలో రావు.

చికిత్సకు వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించాలి. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో అని గుర్తుంచుకోండి. తెలంగాణ మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం.

నాన్నకు చెప్పాలా, వద్దా?

"తెలిస్తే తట్టుకోలేరు" అని చాలా ఇళ్లలో దాచేస్తారు. కానీ వారాల తరబడి రేడియేషన్ గదికి వెళ్లేది ఆయనే, సర్జరీకి సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆయన్నే అడగండి. కోయ భాషలో అయితేనే సరిగ్గా అర్థమవుతుందంటే, ఆ భాష వచ్చిన దగ్గరివాళ్లను డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి.

నయం కాదని డాక్టర్లు చెప్పినా చేయాల్సింది ఇంకా ఉంటుంది. నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం ఎంఎన్‌జేలో ఉంది. పెద్ద నొప్పికి మార్ఫిన్ మాత్రలు డాక్టర్ పర్యవేక్షణలో ఇస్తారు. ఇంకో కీమోకు అప్పు చేయాలా, ఇంటి దగ్గర నొప్పి లేకుండా చూసుకోవాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అమ్మానాన్నల ఇష్టమే ముందు వినాలి.

ఈ వారమే చేయాల్సినవి

- రిపోర్టులు, స్కాన్‌లు ఫోన్‌లో ఫొటో తీసి, అసలువి ఒకే ఫైల్‌లో పెట్టండి.
- ఆధార్, రేషన్ కార్డుల్లో పేషెంట్ పేరు, వయసు ఒకేలా ఉన్నాయా చూడండి.
- 104కు ఫోన్ చేసి మీ కార్డు చెల్లే క్యాన్సర్ ఆసుపత్రుల పేర్లు రాసుకోండి.
- డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి.
- ఆకుపసరు, నాటుమందు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. వాటిని నమ్ముకుని చికిత్స వాయిదా వేయొద్దు.