ముందు చక్రపు బ్రేకు

నిజామాబాదు నుండి బోధన్‌కు సాగే దారిలో ఒకప్పుడు చెరకు బండ్లు బారులు తీరేవి. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. నేటికీ ఆ దారిలో ధాన్యపు ట్రాక్టర్ల వెనుక వచ్చే మోటారు సైకిలు హఠాత్తుగా ఆగవలసి రావచ్చు.

బ్రేకు వేయగానే బండి భారం ముందుకు ఒరుగుతుంది. కనుక ఆపే శక్తిలో అధిక భాగం ముందు చక్రానిదే. మీట నొక్కినపుడు ద్రవ పీడనం పిస్టనును తోస్తుంది. రెండు ప్యాడ్లు తిరిగే డిస్కును బిగించి పట్టుకొంటాయి. దీనికి పాస్కల్ సూత్రమే ఆధారం.

రాపిడికి ప్యాడ్లు అరుగుతాయి. వాటిపై గల గుర్తు వరకు అరిగితే రెండింటినీ మార్చాలి. కాలిపర్ బోల్టులు విప్పి, పాతవి తీసి, పిస్టనును మెల్లగా లోనికి నెట్టి, కొత్తవి అమర్చి, బోల్టులు బిగించాలి. ప్యాడ్లకు గాని, డిస్కుకు గాని నూనె అంటరాదు.

పని ముగిసిందనుకొనే క్షణమే మిక్కిలి ప్రమాదకరం. లోనికి జరిగిన పిస్టను ఇంకా ప్యాడ్లను గట్టిగా నొక్కే స్థితిలో ఉండదు. తొలిసారి మీట నొక్కితే బండి ఆగకపోవచ్చు. అందువల్ల బండి కదలకముందే మీట గట్టిపడే వరకు పలుమార్లు నొక్కాలి. పిమ్మట నిర్జనమైన చోట నెమ్మదిగా నడిపి పరీక్షించాలి. ఈ స్వల్ప జాగ్రత్తే ప్రాణరక్షణకు ఆధారం.