పరికరాలతో సంభాషణ

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని సముద్రతీర గ్రామాలలో అక్కుపల్లి ఒకటి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఈ ప్రాంతానికి ఉద్దానం అని పేరు. 'ఉద్యానవనం' అనే మాటే ఉద్దానమయిందని ఇక్కడివారు చెప్పుకొంటారు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ తోటలను నేలకూల్చింది. కాని అంతకు చాలాకాలం ముందే, 1990ల నుంచీ, మరొక ఆపద ఈ నేలను పట్టి పీడిస్తున్నది. మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేనివారికి సైతం మూత్రపిండాలు క్రమక్రమంగా క్షీణిస్తున్నాయి. ఇక్కడి వయోజనులలో దాదాపు అయిదవ వంతు మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నదనీ, వారిలో అత్యధికులకు కారణం తెలియరాలేదనీ 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన వెల్లడించింది. తాగునీటిలోని సిలికా, పురుగుమందులు, భారలోహాలు, ఎండలో శ్రమించేవారి ఒంటిలో నీరు తగ్గిపోవడం, వంశపారంపర్యం ఇలా అనుమానాలు అనేకం. నిర్ధారణ మాత్రం కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం కూడా అదే రోజున మొదలయింది.

ఈ వ్యాధిని గుర్తించడానికి ముఖ్యమైన ఆధారం రక్తంలోని క్రియాటినిన్ పరిమాణం. కండరాలలో పుట్టే ఈ వ్యర్థ పదార్థాన్ని మూత్రపిండాలు వడగట్టి బయటకు పంపుతాయి. వాటి శక్తి తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. అయితే ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక వ్యాధి అని తేల్చరు. కనీసం మూడు నెలల ఎడంతో మళ్ళీ పరీక్షించి చూస్తారు. జీడిపప్పు కర్మాగారంలో పనిచేసే ఒక స్త్రీకి మార్చిలో డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు, జూన్‌లో 1.4 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. పెరిగిన ఆ 0.2 ఎక్కడిది? ఆమె మూత్రపిండాలలో వచ్చిన మార్పా, కొలిచే విధానంలో వచ్చిన మార్పా? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే వైద్యుని చేతిలో ఉన్నవి రెండంకెలే గాని రెండు కొలతలు కావు.

సంస్కృతంలో 'ప్రమాణం' అనే పదానికి కొలత అనే అర్థమూ ఉంది, యథార్థ జ్ఞానానికి సాధనం అనే అర్థమూ ఉంది. రెండింటికీ మూలం 'కొలుచుట' అనే అర్థం గల 'మా' ధాతువే. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను లెక్కించిన నైయాయికులు ప్రయోగశాలను ఎరుగరు. అయినా నమ్మదగిన కొలతే నమ్మదగిన జ్ఞానమని ఆ ఒక్క పదం సూచిస్తున్నది.

క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతులలో మిక్కిలి పాతది 1886 నాటిది. మాక్స్ యాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త, క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుందని గమనించాడు. రంగు ఎంత చిక్కనైతే క్రియాటినిన్ అంత ఎక్కువ. చిక్కేమిటంటే, గ్లూకోజు వంటి ఇతర పదార్థాలు కూడా ఈ రంగుకు తోడ్పడతాయి. అయితే ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేగంతో రంగునిస్తుంది. కాబట్టి ద్రావణాలు కలిసిన తరువాత నిర్ణీతమైన రెండు క్షణాలలో రంగును కొలిచి, మధ్యకాలంలో అది ఎంత పెరిగిందో చూస్తే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ కాలమే కీలకం. నూరు నమూనాలకు నూరుసార్లు అవే సెకన్లను పాటించడం మనిషి చేతికీ కంటికీ సాధ్యం కాదు. ఆసుపత్రులలోని స్వయంచాలక విశ్లేషణ యంత్రాలలో ఆ పని చేసేది వాటిలో ఇమిడి ఉన్న ప్రోగ్రామే.

నీటి పరీక్ష చేసే పరిశోధకుల సమస్య వేరు. వారి బల్లమీద ఒకే సంస్థ తయారుచేసిన ఒకే యంత్రం ఉండదు. విద్యుత్ వాహకతను కొలిచేది ఒకటి, ఉష్ణోగ్రతను కొలిచేది మరొకటి, రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు ఇంకొకటి ఉంటాయి. వీటన్నింటిని ఒకే కంప్యూటరు ఆజ్ఞకు లోబరచడం ఎలా? ఈ ప్రశ్న ఎలక్ట్రానిక్ పరికరాల తయారీదారులకు 1960లలోనే ఎదురయింది. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ తన పరికరాలను కలపడానికి రూపొందించిన తీగల ఏర్పాటును 1975లో ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 488వ సంఖ్యతో ప్రామాణికంగా స్వీకరించింది. ఒక్క మార్గం మీద పదిహేను పరికరాల వరకు నిలపవచ్చు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య చిరునామాగా ఉంటుంది. ఒకటి మాట్లాడేటప్పుడు తక్కినవి వింటాయి లేదా ఊరకుంటాయి. మన సభలకు కూడా ఈ నియమం ఉంటే బాగుండేది.

తీగ కలిసినంత మాత్రాన భాష కలవదు. ఒకే కొలతను ఒక్కొక్క సంస్థ పరికరం ఒక్కొక్క మాటతో అడగవలసి వచ్చేది. 1987లో కొన్ని ఆజ్ఞలు అన్నింటికీ ఉమ్మడి అయ్యాయి. వాటిలో ప్రసిద్ధమైనది చాలా చిన్నది: ఒక నక్షత్రపు గుర్తు, ఐ, డి, ఎన్ అనే మూడు ఆంగ్లాక్షరాలు, ఒక ప్రశ్నార్థకం. 'నీవెవరు?' అని దాని భావం. పరికరం తన తయారీదారు పేరు, నమూనా పేరు, క్రమసంఖ్య, తనలోని ప్రోగ్రాము వివరం వరుసగా చెబుతుంది. 1990లో 'స్కిపి' అనే ఆజ్ఞావళి వచ్చి, కొలువుమని, వోల్టేజిని అని, ఏకముఖ విద్యుత్తులో అని అంచెలంచెలుగా అడిగే పద్ధతిని నెలకొల్పింది.

ఇక లైబ్రరీ మాటకు వద్దాం. గ్రంథాలయం అనగానే చదివే పుస్తకాలు గుర్తుకు వస్తాయి. ప్రోగ్రాములు రాసేవారి లైబ్రరీ చదవడానికి కాదు, వాడుకోవడానికి. ఆవపిండి, మెంతిపిండి ముందే కొట్టి డబ్బాలలో పోసి ఉంచుకొంటే వంట చేసే ప్రతిసారీ రోలు కడగనక్కరలేదు. అలాగే తీగను తెరవడం, మాట పంపడం, జవాబు వచ్చేదాకా ఆగడం, రాకపోతే హెచ్చరించడం వంటి పనులను ఎవరో ఒకసారి చక్కగా రాసిపెడితే తక్కినవారు పేరు పెట్టి పిలిస్తే చాలు. 1990లలో తయారీదారులు కలిసి నిర్ణయించిన 'వీసా' ఇటువంటి లైబ్రరీకి ప్రమాణం. పరదేశ ప్రయాణానికి కావలసిన వీసాతో దీనికి సంబంధం లేదు. పైథాన్ భాషలో దానిని వాడుకోవడానికి 'పైవీసా' అనే లైబ్రరీ ఉచితంగా లభిస్తుంది.

అక్కుపల్లి పరిసరాల బావుల నుంచి నలభై సీసాల నీరు ఒక ప్రయోగశాలకు చేరిందనుకుందాం. మొదట వాహకత. నీటిలో కరిగిన లవణాలు ఎక్కువైతే విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. కాని ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర కొలిచిన నీటినే 35 డిగ్రీల దగ్గర కొలిస్తే అయిదవ వంతు ఎక్కువ చూపుతుంది. అందుచేత ప్రోగ్రాము ముందుగా ప్రతి పరికరాన్నీ నీవెవరని అడిగి, ఆ జవాబును రాసుకొంటుంది. తరువాత 25 డిగ్రీల వద్ద సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ వాహకత గల పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో పరికరాన్ని సరిచూస్తుంది. ఆపైన ప్రతి నమూనాకు వాహకతనూ ఉష్ణోగ్రతనూ వెంటవెంటనే అడిగి, కాలంతో సహా భద్రపరుస్తుంది. ఇందులో వేగం గొప్ప కాదు. ఏ పరికరాన్ని, ఏ క్రమంలో, ఎంత వ్యవధితో, ఏమడిగారో అక్షరాలా రాతలో ఉండటమే గొప్ప. మూడు నెలల తరువాత వేరొకరు అదే ప్రోగ్రామును నడిపితే అదే క్రమం మళ్ళీ జరుగుతుంది. చేతిరాత పుస్తకంలో 'నీటిని పరీక్షించితిమి' అని ఒక్క వాక్యం ఉంటే అందులోనుంచి ఆ క్రమాన్ని ఎవరు వెలికితీయగలరు?

ప్రోగ్రాము విధేయమైనదే గాని వివేకం గలది కాదు. పరికరం సమయానికి జవాబివ్వకపోతే ఏం చేయాలో రాసినవారు చెప్పాలి. చెప్పకుండా వదిలితే, కింది సీసా అంకెనే పై సీసాకూ రాసే ప్రోగ్రాములు లేకపోలేదు. ప్రమాణాల పేర్లూ అంతే. 1.2 మిల్లీగ్రాముల క్రియాటినిన్‌నే వేరొక ప్రయోగశాల లీటరుకు 106 మైక్రోమోల్స్ అని తెలుపుతుంది. పక్కన ప్రమాణం లేని అంకెను నమ్మడం కుంచంతో కొలిచారో సోలతో కొలిచారో తెలియకుండా ధాన్యం కొనడం వంటిది.

అన్నింటికన్న సూక్ష్మమైన విషయం సిలికాది. తాగునీటిలో కరిగిన సిలికా సాధారణంగా విద్యుదావేశం లేని సిలిసిక్ ఆమ్ల రూపంలో ఉంటుంది. కనుక అది ఎంత ఉన్నా వాహకతలో దాదాపు కనిపించదు. వాహకత తక్కువగా ఉన్నదని ఆ బావి నీటిని నిర్దోషిగా ప్రకటిస్తే, అనుమానితుణ్ణి అడగకుండానే విడిచిపెట్టినట్లు అవుతుంది. సిలికాను కొలవడానికి నీటిలో ఆమ్లాన్నీ అమ్మోనియం మాలిబ్డేట్‌నూ కలపాలి. పసుపు రంగు వస్తుంది. ఫాస్ఫేటు వల్ల వచ్చే రంగును ఆక్సాలిక్ ఆమ్లంతో తొలగించి, నిర్ణీతమైన నిమిషాలలోగా స్పెక్ట్రోఫోటోమీటరులో చూడాలి. ఆలస్యమైతే రంగు మారుతుంది. ప్రోగ్రాము గడియారాన్ని చూసి సరిగా ఆ వేళకే కొలతను అడుగుతుంది. కాని ఆ నీరు ఏ సీసాలో వచ్చిందో దానికి తెలియదు. గాజు నుంచి సిలికా కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. అందుకే సిలికా పరీక్షకు నీటిని ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి. బావి గట్టున నిలబడి సీసా నింపే మనిషికి ఈ సంగతి ముందుగా ఎవరైనా చెప్పాలి.