కడుపు నిలవకపోతే తప్పు ఆమెదేనా?

మూడో నెలైనా నిండకుండా కడుపు పోయిందంటే ఒకసారికి అయ్యో పాపం అంటాం. రెండోసారీ మూడోసారీ అయితే మాత్రం బిందె ఎత్తిందనీ, బొప్పాయి తిందనీ, చివరికి ఆమె జాతకమే అంతనీ తేల్చేస్తాం. ఇంట్లోనే ఇంతమంది జడ్జీలుంటే డాక్టరు దాకా వెళ్లేదెవరు?

ఇలా వరసగా గర్భస్రావాలయ్యే వారిలో కొందరికి కారణం రక్తంలో ఉంటుంది. ఆ జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టరు దీన్ని వివరించారు కనుక హ్యూస్ సిండ్రోమ్ అనీ అంటారు. ఇది మగవాళ్లకూ వస్తుంది గానీ ఆడవాళ్లలోనే ఎక్కువ.

రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు ఇందులో దారి తప్పి మన ఒంటిమీదే పడతాయి. కణాల పైపొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం మీదే వాటి కోపమని మొదట్లో అనుకున్నారు. వాటికి అసలు చిక్కేది బీటా-2 గ్లైకోప్రొటీన్-1 అనే ప్రొటీనని 1990 ప్రాంతంలో బయటపడింది. కాలేయంలో తయారయ్యే ఈ ప్రొటీను మనందరి రక్తంలోనూ తిరుగుతూనే ఉంటుంది. మామూలప్పుడు గాజులా గుండ్రంగా ముడుచుకుని ఉండి, ఆ కొవ్వుకి అంటుకోగానే గాలంలా విచ్చుకుంటుంది. అప్పటిదాకా దాగున్న భాగం బయటపడేసరికి యాంటీబాడీలు దాన్ని పట్టేసుకుంటాయి. ఇక రక్తం అనవసరంగా గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ గడ్డ కాలి రక్తనాళంలో అయితే కాలు వాస్తుంది, మెదడులో అయితే పక్షవాతం. గర్భిణికైతే మాయ సరిగా కుదురుకోదు, బిడ్డకు అందాల్సింది అందదు. విచిత్రమేమిటంటే, పుట్టుకతోనే ఈ ప్రొటీను లేనివాళ్లు కొద్దిమంది ఉన్నారు, వాళ్లు మామూలుగానే ఉన్నారు!

ఇంకో చిక్కుంది. గర్భిణులకు సిఫిలిస్ ఉందేమోనని చేసే వీడీఆర్‌ఎల్ పరీక్షలో వాడే కార్డియోలిపిన్ కూడా ఒక ఫాస్ఫోలిపిడే. అందుకని ఈ జబ్బున్న కొందరికి సిఫిలిస్ లేకపోయినా ఆ పరీక్షలో ఉన్నట్టు వస్తుంది. ఆ కాగితం అత్తింట్లో ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. టీపీహెచ్‌ఏ లాంటి మరో పరీక్షతో తేల్చుకునేదాకా ఎవరూ నోరు జారకూడదు.

పది వారాల్లోపు వరసగా మూడుసార్లు గర్భం పోయినా, పది వారాలు దాటాక ఏ లోపమూ లేని పిండం ఒక్కసారి పోయినా ఈ పరీక్షల గురించి డాక్టరును అడగండి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్-1 అని మూడుంటాయి. ఏదైనా జ్వరం వచ్చి తగ్గాక కూడా ఇవి కొన్నాళ్లు పాజిటివ్‌గా కనిపించవచ్చు. అందుకే కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేస్తారు. రెండోసారీ అలాగే వస్తేనే జబ్బున్నట్టు.

వైద్యం మాత్రం అందుబాటులోనే ఉంది. గర్భంతో ఉన్నన్నాళ్లూ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర, చర్మం కింద హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. హెపారిన్ మాయ దాటి బిడ్డను చేరదు. ఈ వైద్యంతో పదిమందిలో సుమారు ఏడుగురు బిడ్డను ఎత్తుకుంటున్నారు. రక్తం గడ్డకట్టకుండా ఇదివరకే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం గర్భం కోసం అనుకోగానే డాక్టరుకు చెప్పాలి, అది బిడ్డకు హాని చేస్తుంది. కాన్పయ్యాక కొన్ని వారాలపాటు గడ్డల భయం ఇంకా ఎక్కువ. పురుడు పోసుకున్నాం కదా అని ఇంజెక్షన్లు సొంతంగా మానేయకండి.

అన్నట్టు, పోయిన గర్భాల స్కానింగు కాగితాలను చూస్తే బాధేస్తుందని చించేసేవాళ్లున్నారు. దాచండి. ఎన్నో వారంలో పోయింది, అప్పటికి గుండె చప్పుడు కనిపించిందా అని డాక్టరు ముందు అడిగేది అదే.