ఎండ కాస్తే కదిలే మంచు
వసంతంలోనూ తప్పని హిమాలయ ముప్పు. రహదారి కార్మికులకే అధిక ప్రమాదం

న్యూఢిల్లీ: మైదాన ప్రాంతాలలో ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ మాసాలు హిమాలయ ప్రాంతవాసులకు ఊరట కలిగించే కాలం. మూతపడిన కనుమలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. చార్‌ధామ్ యాత్రకు సన్నాహాలు ఆరంభమవుతాయి. అయితే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం శీతాకాలంతోనే ముగిసిపోదు. ఆకాశం నిర్మలంగా ఉండి, ఎండ చురుక్కుమనే వసంతకాలపు మధ్యాహ్నాలలో ఆ ముప్పు మరో రూపం దాలుస్తుంది.

గత అనుభవాలే ఇందుకు నిదర్శనం. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులా కనుమకు వెళ్లే రహదారిపై మంచు చరియ విరుచుకుపడి ఏడుగురు పర్యాటకులు దుర్మరణం చెందారు. 2021 ఏప్రిల్ 23న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా సుమ్నా వద్ద సరిహద్దు రహదారుల సంస్థ శిబిరాన్ని మంచు ముంచెత్తగా పదిమందికి పైగా అసువులు బాశారు. అదే జిల్లాలో బదరీనాథ్ చేరువలోని మాణా వద్ద 2025 ఫిబ్రవరి 28న 54 మంది కార్మికులు మంచులో చిక్కుకున్నారు. వారిలో 46 మందిని సహాయక బృందాలు రక్షించగా ఎనిమిది మంది మరణించారు. సరిహద్దుకు ఆవల, సియాచిన్ సమీపంలోని గయారీ వద్ద 2012 ఏప్రిల్ 7న పాకిస్థాన్ సైనిక శిబిరంపై చరియ విరిగిపడి 140 మంది సజీవసమాధి అయ్యారు.

ఎండ చేసే మాయ

ఈ దుర్ఘటనలన్నింటికీ ఎండ వేడిమి ఒక్కటే కారణం కాదు. మాణా, సుమ్నాలలో ప్రమాదానికి ముందు భారీగా మంచు కురిసింది. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే వాతావరణ అలజడులు ఏప్రిల్‌లో సైతం ఎత్తైన శిఖరాలపై కొత్త మంచును పేర్చుతాయి. పాత పొరకు అతుక్కోకముందే ఆ బరువు జారిపోవచ్చు.

కొత్త మంచు కురియకపోయినా ప్రమాదం పొంచి ఉంటుంది. పగటి ఎండకు పైపొర కరిగి, ఆ నీరు రేణువుల నడుమ గుండా లోనికి ఇంకుతుంది. రేణువులను పట్టి ఉంచిన బంధం సడలుతుంది. లోపలి గట్టిపొరను గానీ, బండరాతిని గానీ నీరు చేరిందంటే పైనున్న మంచు పట్టు తప్పి జారుతుంది. సాధారణంగా 30 నుంచి 45 డిగ్రీల వాలు గల కొండలపైనే మంచు చరియలు అధికంగా పుడతాయి. తడిమంచు పొడిమంచు కంటే నెమ్మదిగా కదిలినా బరువు ఎక్కువ. ఆగిన మరుక్షణం సిమెంటు వలె బిగుసుకుపోతుంది. అందులో కూరుకుపోయిన వారిని పావుగంటలోగా వెలికితీయకుంటే బతికే అవకాశాలు వేగంగా సన్నగిల్లుతాయి. మాణా వద్ద పలువురు ప్రాణాలు దక్కించుకోవడానికి వారు తలదాచుకున్న ఇనుప కంటైనర్లు తోడ్పడ్డాయి.

రాత్రి చలి రక్షణ

ఆకాశం తేటగా ఉన్న రాత్రులలో మంచు తిరిగి గడ్డకట్టి తెల్లవారేసరికి స్థిరపడుతుంది. అందుకే పర్వతారోహకులు వేకువకు ముందే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా ప్రమాదకరమైన వాలులను దాటిపోతారు. రాత్రంతా మబ్బు పట్టి ఉన్నా, వాన కురిసినా ఈ రక్షణ లభించదు. వాలుపై మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, అడుగు వేస్తే కాలు మోకాటిలోతు దిగబడుతున్నా వెనుదిరగడమే శ్రేయస్కరం. తూర్పు వాలులు ఉదయమే వేడెక్కితే, పడమటి వాలులు సాయంత్రానికి ప్రమాదకరమవుతాయి.

పర్యాటకుడు వెనుదిరగవచ్చు, కార్మికునికి ఆ వెసులుబాటు లేదు. జోజిలా వంటి కనుమలలో మంచు తొలగించి రాకపోకలను పునరుద్ధరించే పని సాగేది సరిగ్గా ఈ రోజులలోనే. బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలే ఈ బాటలలో అధికం. వారు తెరిచిన దారినే యాత్రికులు, సైనిక వాహనాలు సాగిపోతాయి.

మంచు చరియల హెచ్చరికలను రక్షణ శాఖకు చెందిన చండీగఢ్‌లోని పరిశోధన సంస్థ జారీ చేస్తుంది. మాణా ప్రమాదానికి ముందు రోజు సాయంత్రమే చమోలీ సహా పలు జిల్లాలలో 2,400 మీటర్లకు పైబడిన ప్రాంతాలకు ఈ హెచ్చరిక వెలువడింది. మరునాటి వేకువ తర్వాత కొద్దిసేపటికే మంచు విరుచుకుపడింది. హెచ్చరిక కాగితంపై నిలిచిపోకుండా శిబిరంలోని చివరి కూలీ వరకు చేరినప్పుడు, శిబిరాన్ని చరియల దారికి దూరంగా నెలకొల్పినప్పుడు మాత్రమే దానికి సార్థకత. మంచు కదలికను మనిషి ఆపలేడు, దాని దారికి అడ్డు రాకుండా ఉండడం మాత్రం మనిషి చేతిలోని పనే.