పాదానికి తగిన పట్టు

కొత్త చెప్పు కరుస్తుందని తెలుగువారు అంటారు. కరవడం ప్రాణమున్న జంతువు చేసే పని. ప్రాణం లేని చెప్పుకు ఆ పనిని ఆపాదించడంలో మన పూర్వుల సూక్ష్మదృష్టి కనిపిస్తుంది. కొత్త పాదరక్షకు పాదపు ఒంపులు తెలియవు. పాదానికి దాని కాఠిన్యం అలవాటు లేదు. ఈ రెండింటికీ పొత్తు కుదిరేవరకు నొప్పి తప్పదని మనం సరిపెట్టుకుంటాం. అయితే ఆ నొప్పిలో సహింపదగినది ఏది, సహింపరానిది ఏది అనే వివేచన అవసరం. వీధిలో తొడిగే చెప్పు విషయంలో ఈ వివేచన లోపిస్తే మడమపై ఒక బొబ్బ లేస్తుంది. నీటిపై గంటకు 30 కిలోమీటర్లకు పైబడిన వేగంతో సాగే క్రీడలో అది లోపిస్తే చీలమండకో మోకాలికో హాని కలగవచ్చు. వేక్‌బోర్డింగ్ అటువంటి క్రీడ.

మోటారు పడవ వేగంగా సాగినపుడు దాని వెనుక నీరు ఇరువైపులా అలలుగా లేస్తుంది. ఆ అలను ఆంగ్లంలో వేక్ అంటారు. క్రీడాకారుడు పడవకు కట్టిన తాడు పిడిని చేతపట్టుకొని, ఒకే పలకపై రెండు పాదాలనూ అడ్డంగా నిలిపి, ఆ అలల మీదుగా సాగిపోతాడు. వాటిని ఆధారం చేసుకొని గాలిలోకి ఎగురుతాడు. కొన్నిచోట్ల పడవకు బదులు తటాకంపై ఎత్తున అమర్చిన తీగ అతనిని లాగుతుంది. పాదాలను పలకకు పట్టి ఉంచే బూట్ల వంటి సాధనాలను బైండింగులు అంటారు. బంధించేవి అని ఆ మాటకు అర్థం.

ఈ బంధానికి ఒక చరిత్ర ఉంది. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు రెండు చెక్క పలకలపై నిలబడి పడవ వెంట సాగాడు. అతని పాదాలను పలకలపై నిలిపినవి కేవలం తోలు పట్టీలు. 1985లో కాలిఫోర్నియాలో టోనీ ఫిన్ ‘స్కర్ఫర్’ అనే ఒంటిపలకను రూపొందించాడు. మొదట దానికి పాదపట్టీలు లేవు. అవి చేరిన తరువాతనే పలకతోపాటు గాలిలోకి లేవడం సులువైంది. పాదం పలకలో భాగమైనపుడే క్రీడ ముందుకు సాగిందని దీనివల్ల తెలుస్తుంది. ఆ పట్టీలే క్రమంగా నేటి బైండింగులుగా పరిణమించాయి.

బిగువుగా ఉంటే చాలు, పట్టు బాగున్నట్లే అని కొత్తవారు భావిస్తారు. ఇది సగం నిజం. మితిమీరిన బిగువు రక్తప్రసరణను అడ్డగిస్తుంది, నరాలను నొక్కుతుంది. పాదం తిమ్మిరెక్కి, పలక కదలికను గ్రహించే శక్తిని కోల్పోతుంది. వదులుతనం వల్ల కలిగే బాధ వేరు. బూటు వదులైతే పాదం జారకుండా వేళ్లు తమంతట తామే ముడుచుకొని అడుగుభాగాన్ని పట్టుకోజూస్తాయి. ఆ శ్రమకు అరికాలు కొంకర్లు పోతుంది. అది చూసి బూటు బిగువైందని భ్రమించి, మరింత వదులు చేసేవారు ఉన్నారు. కారణం గ్రహించక చేసిన చికిత్స వ్యాధిని పెంచుతుంది. అందుచేత నొప్పి ఎక్కడ, ఎటువంటిది అని ముందుగా పరిశీలించాలి. పాదమంతటా సమంగా తోచే ఒత్తిడి కొత్త బూటుకు సహజం. కాలక్రమంలో అది తగ్గుతుంది. ఒకే బిందువు వద్ద సూదితో పొడిచినట్లు తోచే నొప్పి, తిమ్మిరి, వేళ్లు చల్లబడటం అలవాటుతో పోయేవి కావు. అవి కొలత తప్పిందనో, ఆకృతి కుదరలేదనో చెప్పే హెచ్చరికలు.

సరైన ఎంపిక సగం పని. మనిషి పాదంలో 26 ఎముకలు ఉంటాయి. రెండు పాదాలూ అచ్చంగా ఒక్కటిగా ఉండటం అరుదు. కనుక రెండింటినీ కొలిచి, పెద్దదాని కొలతను ప్రమాణంగా తీసుకోవాలి. పగలంతా నిలిచి నడిచిన పాదాలు కొంత ఉబ్బుతాయి గనుక సాయంకాలం కొలవడం మేలు. బైండింగులలో ముందుభాగం తెరచి ఉన్నవి కొన్ని, మూసి ఉన్నవి కొన్ని. తెరచినవి ఒకటి రెండు కొలతల తేడాను సహిస్తాయి. కుటుంబంలో పలువురు ఒకే పలకను వాడేటపుడు అవి అనుకూలం. మూసినవి పట్టును, వెచ్చదనాన్ని అధికంగా ఇస్తాయి గాని కొలత కచ్చితంగా ఉండాలి. నిటారుగా నిలిచినపుడు వేళ్ల కొసలు ముందుభాగాన్ని తేలికగా తాకాలి. మోకాళ్లు వంచినపుడు కొద్దిగా వెనుకకు జరగాలి. మడమ మాత్రం పైకి లేవకూడదు. మడమ లేవకపోవడమే అమరికకు ప్రధాన పరీక్ష. లోపలి మెత్తని పొర వాడగా వాడగా నలిగి కొంత చోటిస్తుంది. అందువల్ల మొదటిరోజు కించిత్ బిగువుగా తోచిన బూటు, తొలిరోజే హాయిగా తోచిన బూటు కంటె మేలైనది.

పొత్తు కుదుర్చుకోవడం ఆ తరువాతి పని. దీనిని నీటిలో కాక ఇంటిలో ఆరంభించాలి. తాళ్లను పూర్తిగా వదులు చేసి, నాలుకను ముందుకు లాగి, పాదాన్ని నెమ్మదిగా చొప్పించాలి. బలవంతంగా తోస్తే కుట్లు తెగుతాయి. బూటు పట్టి ఉంటే నీరు గాని, నీటిలో కలిపిన తేలికపాటి సబ్బు గాని లోపల రాయవచ్చు. రబ్బరును చెడగొట్టే పెట్రోలియం నూనెలు రాయరాదు. మడమ వెనుకకు ఒదిగిన తరువాతనే తాళ్లు బిగించాలి. వేళ్ల వద్ద కొంత సడలింపు, చీలమండ వద్ద గట్టి పట్టు ఉండాలి. ఈ విధంగా పది పదిహేను నిమిషాలు తొడిగి, మోకాళ్లు వంచుతూ నిలబడాలి. రోజురోజుకు కొంచెంగా వ్యవధిని పెంచాలి. కొన్ని బైండింగుల లోపలి పొర వేడిచేస్తే మెత్తబడి, చల్లారేటపుడు పాదం ఆకృతిని పొందుతుంది. ఈ పనిని తయారీదారు సూచనల ప్రకారం నిపుణుడే చేయాలి. ఆ గుణం లేని పొరను సెగకు చూపితే అది పాడవుతుంది.

బూటు బాగున్నా మోకాలు నొప్పి పెట్టవచ్చు. అపుడు పలకపై దానిని అమర్చిన తీరును చూడాలి. రెండు పాదాల మధ్య దూరం సుమారుగా భుజాల వెడల్పు ఉండాలి. బూటు కింది ఫలకాన్ని తిప్పి కోణాన్ని మార్చుకునే వీలుంటుంది. క్రీడాకారుడు నేలపై సహజంగా నిలిచినపుడు పాదాలు ఏ దిశకు తిరిగి ఉంటాయో, ఆ దిశకు దగ్గరగా బూట్లను అమరిస్తే మోకాలిపై మెలి తగ్గుతుంది. మరలు వదులు కాలేదని నీటిలో దిగే ప్రతిసారీ సరిచూడాలి. రెండు బూట్ల బిగువు సమానంగా ఉండటం అన్నింటికంటె ముఖ్యం. వేగంగా పడినపుడు ఒక పాదం ఊడివచ్చి మరొకటి చిక్కుకొంటే, పలక బరువంతా ఆ ఒక్క కాలిని మెలితిప్పుతుంది. ఊడితే రెండూ ఊడాలి, నిలిస్తే రెండూ నిలవాలి.

ఆట ముగిసిన తరువాత బైండింగులను మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టాలి. తీవ్రమైన ఎండ రబ్బరును పెళుసుబారుస్తుంది, జిగురును విడదీస్తుంది.

పాదరక్ష అనే మాటలోనే దాని ధర్మం ఇమిడి ఉంది. పాదాన్ని రక్షించనిది ఎంత వెల పెట్టి కొన్నా ఆ పేరుకు తగదు. కొత్త వస్తువుకు అలవాటుపడే ఓర్పు మనకు ఉండాలి. ఆ ఓర్పుకు హద్దు ఎక్కడో చెప్పేది మన శరీరమే. దాని మాట వినడం పిరికితనం కాదు, క్రీడాకారుడికి ఉండవలసిన మొదటి శిక్షణ.

అభ్యాసం

1. బైండింగు వదులుగా ఉన్నపుడు కూడా అరికాలు నొప్పి పెట్టడానికి కారణమేమిటి?
2. సహింపదగిన నొప్పికీ, హెచ్చరికగా భావించవలసిన నొప్పికీ గల భేదాన్ని వివరించండి.
3. రెండు బైండింగుల బిగువు సమానంగా ఉండాలని రచయిత ఎందుకు చెప్పారు?
4. ‘కొత్త చెప్పు కరుస్తుంది’ అనే ప్రయోగంలోని విశేషాన్ని సొంత మాటలలో రాయండి. ఇటువంటి ప్రయోగాలు మరి రెండు పేర్కొనండి.