పైనుండి చూచిన పెరడు

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు చేరువనున్న బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సూక్ష్మదర్శినిపై వంగి కూర్చుండెను. ఉక్క మిక్కుటముగా నున్నను పంకా విసరనిచ్చెడివాడు కాడు. విసరినచో కోసి పరచిన దోమల శకలములు ఎగిరిపోవునని ఆతని భయము. జ్వరపీడితుని రక్తము త్రాగిన ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడలో ఆనాడు ఆతనికి మలేరియా పరాన్నజీవి కానవచ్చెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, ఆ జీవి దోమ కాటు ద్వారా ఒక ప్రాణి నుండి మరియొక ప్రాణికి చేరు మార్గమును ఆతడు పూర్తిగా తేల్చెను. 1902లో ఆతనికి నోబెల్ బహుమానము లభించెను.

ఈ కథ మన విద్యార్థులు ఎరిగినదే. అయితే ఆ దినమున వైద్యశాస్త్రముతో పాటు భూగోళశాస్త్రమునకును ఒక కొత్త పని ఏర్పడెను. అంతకు పూర్వము ఈ జ్వరము చెడుగాలి వలన కలుగునని లోకము నమ్మెడిది. మలేరియా అను ఇటాలియను మాటకు చెడుగాలి యనియే అర్థము. గాలికి ఇల్లు లేదు, పొలిమేర లేదు. దోమకు మాత్రము పుట్టినిల్లు కలదు. అది నీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు నుండి తోక ఆడించుచు ఈదు డింభకము వెలువడును. వెచ్చని దినములలో వారము పది రోజులు గడచుసరికి దానికి రెక్కలు వచ్చును. కావున “ఈ ఊరి గాలి ఎట్టిది?” అని అడిగెడు వైద్యుడు “ఈ ఊర నిలిచిన నీరు ఎక్కడ నున్నది?” అని అడుగవలసి వచ్చెను. ఈ ప్రశ్నకు సమాధానము మందుల పెట్టెలో దొరకదు. దానిని పటముపై గుర్తింపవలెను.

రాస్ 1902లో దోమల నిర్మూలన దళముల నిర్మాణమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. కొందరు మనుష్యులు ఊరిని వాడలుగా పంచుకొని, ఇంటింటికి తిరిగి, నీరు నిలిచిన చోట పారబోయుటయో, పూడ్చుటయో, నూనె చల్లుటయో చేయవలెనని అందలి సారము. ఆ పద్ధతి నేటికిని పనికివచ్చుచున్నది. కాని నడచువాని చూపునకు హద్దులు కలవు. గోడకు ఆవల నేమున్నదో వానికి తెలియదు. తాళము వేసిన ఇంటిలోనికి పోజాలడు. పదిమైళ్ల చిత్తడినేలను పది దినములలో గాలింపజాలడు. ఈ కొరతను తీర్చుటకే ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రము అక్కరకు వచ్చినది.

ఆకాశచిత్రమున దోమ కనబడదు. కనబడునది దోమకు ఇష్టమైన నెలవు. సూర్యరశ్మిలో మన కంటికి గోచరింపని పరారుణ కిరణములు కొన్ని కలవు. పచ్చని ఆకు వానిని మిక్కిలిగా త్రిప్పికొట్టును. నీరు వానిని మ్రింగివేయును. ఆ కిరణములను పట్టగల కెమెరాతో తీసిన చిత్రమున చెట్టుచేమలు ప్రకాశవంతముగాను, నీరు నల్లగాను తోచును. తుంగ మొలచిన మడుగు, కోత కోసిన మడి, చెరువు గట్టు, ఇంటి పైకప్పు – ప్రతిదానికిని వేరువేరు కాంతిముద్ర యుండును. ఆ ముద్రలను పోల్చి విభజించినచో నేల మొత్తము కొన్ని తరగతులుగా విడివడును. ఏ తరగతి నేలలో దోమలు హెచ్చుగా పుట్టునో మనుష్యులు పోయి ఒక్కసారి పరీక్షించినచో, తక్కిన ప్రదేశమును గూర్చి చిత్రమే సూచన నీయగలదు.

ఈ విధానమునకు మెక్సికో దేశమున ఒక చక్కని దృష్టాంతము కలదు. ఆ దేశపు దక్షిణ తీరమున, చియాపాస్ రాష్ట్రములో, తపాచులా పట్టణ ప్రాంతమున 40 గ్రామములను పరిశోధకులు ఎన్నుకొనిరి. లాండ్‌శాట్ అను అమెరికా ఉపగ్రహము తీసిన చిత్రములపై ప్రతి గ్రామము చుట్టును ఒక కిలోమీటరు మేర గిరి గీచి, ఆ గిరిలో ఏ యే నేల ఎంతెంత యున్నదో లెక్కించిరి. గ్రామములలో పట్టిన దోమల లెక్కను దాని ప్రక్కన ఉంచిరి. కొంతకాలము నీట మునిగి కొంతకాలము తేలు చిత్తడినేల, ఆలనాపాలనా లేని పచ్చికబయలు – ఈ రెండును ఎక్కువగా నున్న గ్రామములలో దోమలును ఎక్కువగా నుండెను. ఈ రెండు గుర్తులను బట్టి గ్రామములను ‘దోమలు అధికము’, ‘దోమలు స్వల్పము’ అని విభజింపగా, నూటికి తొంబది సరిపోయెనని 1994లో వారు ప్రకటించిరి.

అయితే ఆ ఉపగ్రహపు చిత్రమున ఒక్కొక్క చుక్క 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల నేలకు సమానము. గ్రామమునకు అది చాలును, వీధికి చాలదు. ఒక చుక్కలోనే రెండు మూడు ఇండ్లు, వాని పెరళ్లు, బావులు కలిసిపోవును. పేటలోని అపాయమును గుర్తింపవలెనన్నచో విమానము నుండి తీసిన దగ్గరి చిత్రము కావలెను. అట్టి చిత్రము 2007లో అమెరికాలోని ఒక పట్టణమున ఏమి చూపెనో తెలిసికొనుట మన ఉపాధ్యాయులకు ఉపయోగకరము.

ఆ పట్టణము పేరు బేకర్స్‌ఫీల్డ్. అది కాలిఫోర్నియా రాష్ట్రమున సాన్ వాకీన్ లోయకు దక్షిణపు కొనలో, కెర్న్ కౌంటీ యందున్నది. వేసవిలో అచట ఎండ మెండు, వాన బహు స్వల్పము. అందుచేత పెరటిలో ఈతకొలను గల ఇండ్లు అచట పెక్కు. ఆ ప్రాంతమునకు వెస్ట్ నైల్ వైరస్ కొత్త శత్రువు. ఈ వైరస్‌ను 1937లో ఆఫ్రికాలోని ఉగాండాలో మొదట గుర్తించిరి. 1999లో అది న్యూయార్కునకు చేరి, కొలది ఏండ్లలోనే పడమటి తీరము వరకు ప్రాకెను. అది పక్షులలో పెరుగును. పక్షిని కుట్టిన క్యూలెక్స్ దోమ మనుష్యుని కుట్టినపుడు మనుష్యునికి సోకును. సోకినవారిలో నూటికి ఎనుబది మందికి ఏ బాధయు తెలియదు. కాని నూట యేబది మందిలో ఒకరికి మాత్రము మెదడునకో, వెన్నుపామునకో వాపు వచ్చి ప్రాణాపాయము కలుగును. పట్టణములలో ఆ వైరస్‌ను మోయు క్యూలెక్స్ క్విన్‌క్విఫాషియాటస్ దోమ మనకు పరాయిది కాదు. మన కోస్తా జిల్లాలలో బోదకాలు వ్యాధిని తరతరములుగా వ్యాపింపజేసినది ఆ జాతియే.

2007లో అచట వానలు తక్కువ. నీరు తక్కువైన యేట దోమలును తక్కువగా నుండవలెనని ఎవరైనను అనుకొందురు. అట్లు జరుగలేదు. రోగుల సంఖ్య ఆ వేసవిలో విపరీతముగా పెరిగెను. ఆగస్టు మాసమున రాష్ట్ర గవర్నరు కెర్న్‌తో సహా మూడు కౌంటీలలో అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. వానలేని ఊరిలో ఇన్ని దోమలకు నీరు ఎక్కడిది?

సమాధానము గోడల వెనుక నుండెను. అంతకు ముందు కొన్ని యేండ్లుగా అమెరికాలో ఇండ్ల ధరలు ఎగబ్రాకగా, అనేక కుటుంబములు అప్పుచేసి ఇండ్లు కొనెను. ఆ అప్పులలో పెక్కింటికి మొదట వడ్డీ తక్కువ; పిమ్మట అది పెరుగును. వడ్డీ పెరిగినది, ఇంటి ధర పడిపోయినది. వాయిదాలు చెల్లింపలేనివారికి తాఖీదులు వచ్చెను. ఇండ్లు చేయిజారెను. ఇల్లు విడిచిన కుటుంబము కుర్చీలు, మంచములు తీసికొని పోగలదు. ఈతకొలనును తీసికొని పోజాలదు గదా! విద్యుత్తు నిలిచిపోయెను, నీటిని వడపోయు యంత్రము ఆగెను, క్లోరిను హరించిపోయెను. నీలముగా మెరయు నీటిలో నాచు పుట్టెను, ఆకులు రాలి కుళ్లెను. ఒక్కొక్క కొలను వేలకొలది దోమలకు పురిటిగది అయ్యెను.

వీధిలో నడచు ఉద్యోగికి ఇది కనబడదు. ఇంటి ముందు పచ్చిక ఎండినది, వాకిలికి తాళమున్నది – అంతయే. పైనుండి చూచిన విమానపు కెమెరాకు మాత్రము ప్రతి పెరడును తెరచిన పుస్తకమువలె నుండెను. బాగోగులు చూచెడివారున్న కొలను నీలము; దిక్కులేని కొలను ఆకుపచ్చ. అట్టి ఒక పేట చిత్రమున కనబడిన ఈతకొలనులలోను, పెరటి స్నానపు తొట్లలోను 17 శాతము ఆకుపచ్చగా నుండెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు విలియం రైసెన్, ఆతని సహచరులు 2008లో ప్రకటించిన వ్యాసమున రెండు లెక్కలను ప్రక్కప్రక్కన చూపిరి. బేకర్స్‌ఫీల్డ్‌లో ఋణపు బకాయిల తాఖీదులు 300 శాతము పెరిగెను. 2007 వేసవిలో వెస్ట్ నైల్ జ్వర పీడితుల సంఖ్య 276 శాతము పెరిగెను.

ఈ రెండు అంకెలు కలిసి నడచినంత మాత్రమున మొదటిదే రెండవదానికి ఏకైక కారణమని చెప్పరాదు. పక్షులు, ఎండ, దోమల జాతులు – అన్నిటికిని అందు పాలు కలదు. కాని ఒక సత్యమును ఆ చిత్రము విస్పష్టముగా చూపినది. రోగపు అపాయము మురికివాడలో మాత్రమే యుండునని, బీదవాని అజ్ఞానమే దానికి మూలమని తలచుట పలువురకు అలవాటు. బేకర్స్‌ఫీల్డ్‌లో అపాయము ఈతకొలను గల ఇండ్లలో పుట్టినది. దానికి మూలము అజ్ఞానము కాదు, తీర్చలేని అప్పు. అప్పుపత్రముపై సంతకము చేసిన వానికి గాని, చేయించుకొన్న బ్యాంకునకు గాని దోమ తలంపునకు వచ్చియుండదు. అయినను ఆ పత్రము ఫలితమును ప్రక్కయింటివాడు అనుభవించెను. తన వాయిదాలు సక్రమముగా చెల్లించి, తన కొలనును నీలముగా నుంచుకొన్నవానిని సైతము గోడ దాటి వచ్చిన దోమ కుట్టును. దోమకు దస్తావేజుల సరిహద్దులు తెలియవు.

చిత్రము చేయగలిగినది ఇంతవరకే. ఆకుపచ్చగా నున్న ప్రతి కొలనులోను డింభకములు ఉండునను నియమము లేదు. ఆకుపచ్చ రంగు ‘ఇచటికి పొమ్ము’ అని మాత్రమే చెప్పును. పోయి, పొడవైన పిడి గల గరిటెతో నీరు ముంచి, తెల్లని అడుగుపై ఆడు డింభకములను లెక్కించువాడు మనుష్యుడే. వానిని తిను గంబూసియా చేపలను కొలనులో విడుచువాడును మనుష్యుడే. పటము వాని శ్రమను తగ్గించినది. నూరు తలుపులు తట్టుటకు బదులు పదునేడు తట్టినచో చాలునని చెప్పినది. మరియొక జాగ్రత్తయు వలయును. పైనుండి పెరడును చూచుట పరుల గుట్టు చూచుటయే. రోగమును ఆపుటకు చూచిన చూపు, ఒక పేటవారిని వేలెత్తి చూపి అవమానించుటకు మారరాదు.

మన ఊళ్లకు వచ్చినచో ఆకాశచిత్రపు శక్తి, లోపము రెండును ఇంకను స్పష్టమగును. తూటికాడ, గుర్రపుడెక్క కమ్మిన చెరువులను అది ఇట్టే చూపగలదు. డాబాపై మూత తొలగిన నీళ్లతొట్టిని డ్రోను చూపగలదు. కాని డెంగ్యూ జ్వరమును మోయు ఈడిస్ దోమకు చెరువుతో పని లేదు. చెంబెడు నీరు చాలును. చూరుక్రింది కూలరు, వంటింటిలోని ఫ్రిజ్ వెనుక పళ్లెము, వేపచెట్టు నీడలోని పాత టైరు, కొబ్బరిచిప్ప, పిండి రుబ్బుట మానిన తరువాత పెరటిలో వాననీటితో నిండిన రోలు – వీనిని ఏ విమానమును చూడజాలదు. పైగా ఆ దోమ సాధారణముగా పుట్టిన చోటికి కొలది వందల మీటర్ల లోపలనే తిరుగును. మనలను కుట్టిన ఈడిస్ దోమ చాలమట్టుకు మన ఇంటిదో, ఇరుగుపొరుగుదో అయియుండును.

కావున ఈ పటమును గీయవలసినవారు బడిపిల్లలు. సాంఘికశాస్త్రపు తరగతిలో పటము గీచుట ఎట్లును నేర్పుదురు. దానిని దూరదేశపు నదులతో ముగింపక, తమ వీధితో మొదలుపెట్టింపవచ్చును. ఒక కాగితముపై వీధిని, ఇండ్లను గీచి, పెద్దల అనుమతితో ఇంటింటికి పోయి, నీరు నిలిచిన చోట ఒక చుక్క, డింభకములున్న చోట ఎర్రచుక్క పెట్టింపవచ్చును. దోమకు రెక్కలు వచ్చుటకు వారము పది దినములు పట్టును గనుక వారమున కొకసారి ఆ నీరు పారబోసినచో చాలును. ఈడిస్ గ్రుడ్లు ఎండిన తొట్టి గోడకు అంటుకొని నెలల తరబడి బ్రతుకును గనుక తొట్టిని రుద్ది కడుగవలెను. మరుసటి వారము మరల పటము గీచి రెండింటిని పోల్చినచో, ఎర్రచుక్కలు ఎన్ని తగ్గినవో పిల్లలే చెప్పుదురు.

ఒక చుక్క మాత్రము ఎప్పటికిని చెరగకపోవచ్చును. తాళము వేసిన ఇంటి ఎదుట పిల్లలు ఆగి ఉపాధ్యాయుని మొగము చూతురు. ఆ ఇంటివారు ఎక్కడికి పోయిరి, ఏల పోయిరి, వారి తొట్టిలోని నీటిని ఇపుడు ఎవరు పారబోయవలెను అని అడుగుదురు. బేకర్స్‌ఫీల్డ్‌పై ఎగిరిన విమానము అడిగిన ప్రశ్నయు ఇదియే. దానికి వీధి మొత్తము కలిసి సమాధానము చెప్పవలసి యున్నది.